ఓపెన్‌సీవీ: పిప్ ఉందంటుంది, పైథాన్ లేదంటుంది (సోమవారం ప్రాజెక్ట్ రివ్యూ, సాయం చేయండి)

ఈసీఈ_ఫైనలియర్ · శుక్రవారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. ఇబ్రహీంపట్నం వైపు ఇంజినీరింగ్ కాలేజీలో ఫైనలియర్ చదువుతున్నా. ప్రాజెక్ట్ ఏంటంటే, గేటు దగ్గర కెమెరా పెట్టి వచ్చే బండి నంబర్ ప్లేట్ చదవాలి, మా జాబితాలో ఉన్న బండి అయితే స్క్రీన్ మీద "స్వాగతం" అని రావాలి. 2023లో సీనియర్లు చేసిన కోడ్ ఇచ్చారు, దాన్ని ముందుకు తీసుకెళ్లమన్నారు. మూడు రోజులైంది, మొదటి లైన్ దాటలేదు.

బొమ్మలు, వీడియో చదవడానికి ఓపెన్‌సీవీ అనే పైథాన్ లైబ్రరీ కావాలి. ముందు పిప్‌తో (పైథాన్‌కి లైబ్రరీలు వేసే టూల్) "పిప్ ఇన్‌స్టాల్ సీవీ2" కొట్టాను. అలాంటి ప్యాకేజీ దొరకలేదంది. నెట్‌లో చూసి "పిప్ ఇన్‌స్టాల్ ఓపెన్‌సీవీ-పైథాన్" కొడితే సక్సెస్‌ఫుల్లీ ఇన్‌స్టాల్డ్ అని వచ్చింది. వీఎస్ కోడ్‌లో (కోడ్ రాసే ఎడిటర్) రన్ చేస్తే మాత్రం ఇదీ పరిస్థితి:

మాడ్యూల్ నాట్ ఫౌండ్ ఎర్రర్: నో మాడ్యూల్ నేమ్డ్ 'సీవీ2'

విండోస్ 11, 8 జీబీ ర్యామ్. సోమవారం పొద్దున 10 గంటలకు రివ్యూ. ఎవరైనా చెప్పండి ప్లీజ్.

నల్లకుంట_నైట్‌షిఫ్ట్ · రాత్రి 9:20

బ్రో, నాకూ ఒకసారి ఇలాగే అయింది. విండోస్ ఫార్మాట్ కొట్టి అన్నీ మళ్లీ వేసుకున్నాను, పోయింది.

కూకట్‌పల్లి_పైథాన్ · రాత్రి 9:31

తమ్ముడూ, ఫార్మాట్ జోలికి వెళ్లకు. రివ్యూకి రెండు రోజుల ముందు లాప్‌టాప్ ఖాళీ చేసుకుంటే రిపోర్టు, పీపీటీ అన్నీ పోతాయి. నైట్‌షిఫ్ట్ గారూ, మీకు పని చేసింది ఫార్మాట్ కాదండి. ఫార్మాట్ తర్వాత మీ మెషీన్‌లో పైథాన్ ఒక్కటే మిగిలింది, అందుకే పోయింది.

ఇన్‌స్టాల్ చేసే పేరు వేరు, కోడ్‌లో పిలిచే పేరు వేరు. ప్యాకేజీ పేరు ఓపెన్‌సీవీ-పైథాన్, ఇంపోర్ట్ చేసేది సీవీ2. అందులో 2 ఉంది కదా అని వెర్షన్ 2 అనుకోకండి, వెర్షన్ 4లో కూడా అదే పేరు. అక్కడి వరకు నువ్వు సరిగ్గానే చేశావు. నా అనుమానం, నీ లాప్‌టాప్‌లో పైథాన్లు రెండున్నాయి. పిప్ ఒకదాంట్లో వేసింది, వీఎస్ కోడ్ ఇంకోదాన్ని నడుపుతోంది.

రెండు పనులు చేసి ఏమొచ్చిందో ఇక్కడ పెట్టు. కమాండ్ ప్రాంప్ట్‌లో "వేర్ పైథాన్" కొట్టు. తర్వాత వీఎస్ కోడ్‌లో ఓ చిన్న ఫైల్ తెరిచి, సిస్ ఇంపోర్ట్ చేసి, సిస్ డాట్ ఎగ్జిక్యూటబుల్‌ని ప్రింట్ చెయ్యి, నడుస్తున్న పైథాన్ ఎక్కడుందో చెబుతుంది. (ఇక్కడ తెలుగు లిపే నియమం కాబట్టి ఇలా రాస్తున్నా. కొట్టేటప్పుడు ఇంగ్లీషులోనే కొట్టు.)

ఈసీఈ_ఫైనలియర్ · రాత్రి 9:48

అక్కా, మీరన్నట్టే ఉంది. టెర్మినల్‌లో 3.11 ఉంది. వీఎస్ కోడ్ చూపిస్తున్నది 3.12, మైక్రోసాఫ్ట్ స్టోర్ ఫోల్డర్‌లో. అది ఎప్పుడు వేశానో కూడా గుర్తులేదు.

మైత్రివనం_మాస్టారు · రాత్రి 10:05

అమీర్‌పేటలో పైథాన్ చెబుతుంటాను. ప్రతి బ్యాచ్‌లో మొదటి వారం ఇదే. వట్టి "పిప్" అని కొడితే అది ఏ పైథాన్ తాలూకు పిప్పో మనకు తెలియదు. అందుకే మా పిల్లలకు "పైథాన్ మైనస్ ఎమ్ పిప్ ఇన్‌స్టాల్" అని పూర్తిగా కొట్టడం అలవాటు చేయిస్తాను. అలా చేస్తే ఏ పైథాన్‌ని పిలిచావో దాంట్లోకే వెళుతుంది.

ఈ ప్రాజెక్ట్‌కి విడిగా ఒక వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (వెన్వ్, అంటే ఈ ప్రాజెక్ట్ లైబ్రరీలకే వేరుగా ఉండే పైథాన్ ఫోల్డర్) పెట్టుకో బాబూ. ప్రాజెక్ట్ ఫోల్డర్‌లో "పైథాన్ మైనస్ ఎమ్ వెన్వ్ వెన్వ్" కొట్టు, యాక్టివేట్ చెయ్యి. తర్వాత వీఎస్ కోడ్‌లో కంట్రోల్, షిఫ్ట్, పీ నొక్కి సెలెక్ట్ ఇంటర్‌ప్రెటర్‌లో ఆ వెన్వ్‌నే ఎంచుకో. ఇది చేయకుండా ముందుకెళ్లకు.

ఇంకో మాట. ఫోల్డర్‌లో నీ సొంత ఫైల్ ఏదైనా "సీవీ2 డాట్ పీవై" అనే పేరుతో ఉందా చూడు. ఉంటే పైథాన్ అసలు లైబ్రరీని వదిలి నీ ఫైల్‌నే ఇంపోర్ట్ చేసుకుంటుంది. "పార్షియల్లీ ఇనిషియలైజ్డ్ మాడ్యూల్ సీవీ2, సర్క్యులర్ ఇంపోర్ట్" అని అంటుంది. ప్రాక్టీస్ ఫైల్‌కి పాఠం పేరే పెట్టే పిల్లలు చాలామంది.

ఈసీఈ_ఫైనలియర్ · రాత్రి 11:02

సార్, వెన్వ్ పెట్టాను. సీనియర్ల రిక్వైర్‌మెంట్స్ ఫైల్ (కావలసిన లైబ్రరీల జాబితా) నుంచి ఇన్‌స్టాల్ చేశాను. ఇప్పుడు సీవీ2 దొరుకుతోంది కానీ ఇంపోర్ట్ దగ్గరే కొత్త ఎర్రర్. ఎర్రగా పేజీ నిండా వచ్చింది. పైన "నంపై 1.ఎక్స్‌తో కంపైల్ అయిన మాడ్యూల్ నంపై 2లో నడవదు" అన్న అర్థంలో ఉంది (నంపై అంటే ఓపెన్‌సీవీ వాడుకునే అంకెల లైబ్రరీ), చివరి లైన్ ఇది:

ఇంపోర్ట్ ఎర్రర్: నంపై.కోర్.మల్టీఅరే ఫెయిల్డ్ టు ఇంపోర్ట్

సీనియర్లకి ఇదే ఫైల్‌తో నడిచిందట. మరి నాకెందుకు నడవట్లేదు?

కూకట్‌పల్లి_పైథాన్ · రాత్రి 11:15

ఆ ఫైల్‌లో ఓపెన్‌సీవీ పక్కన వెర్షన్ ఉందా? నంపై పక్కన ఉందా?

ఈసీఈ_ఫైనలియర్ · రాత్రి 11:17

ఓపెన్‌సీవీ-పైథాన్ 4.8.0.74 అని ఉంది. నంపై అని ఉత్తగా ఉంది, నంబర్ లేదు.

కూకట్‌పల్లి_పైథాన్ · రాత్రి 11:34

అక్కడే ఉంది తేడా. ఓపెన్‌సీవీకి బొమ్మ అంటే నంపై అరేనే, అంటే అంకెల పట్టికే. దాని లోపల ఉన్న సీ ప్లస్ ప్లస్ భాగం నంపై అరే మెమరీలో ఎలా అమరి ఉంటుందో తెలుసుకుని కంపైల్ అవుతుంది. 4.8 వచ్చింది 2023లో, అప్పుడున్నది నంపై 1. 2024 జూన్‌లో నంపై 2.0 వచ్చింది, లోపలి అమరిక మారింది. సీనియర్లు ఇన్‌స్టాల్ చేసిన రోజున వట్టి "నంపై" అంటే 1 వచ్చింది. నువ్వు ఈరోజు అడిగితే 2 వచ్చింది. ఫైల్ ఒకటే, రోజు వేరు.

దారులు రెండు. పాత కోడ్‌ని అస్సలు కదిలించకూడదంటే నంపైని 2 కంటే తక్కువకు దించు, 1.26.4 సరిపోతుంది. లేదా ఓపెన్‌సీవీని 4.10కి పెంచు, అది నంపై 2తో నడుస్తుంది. నువ్వు కోడ్ మీద ఇంకా పని చేస్తావు కాబట్టి రెండోది చెయ్యి. ఏది చేసినా వెర్షన్ నంబర్లు ఫైల్‌లో రాసిపెట్టుకో. వచ్చే ఏడాది జూనియర్‌కి ఇచ్చేది నువ్వే.

డాకర్_దిల్‌సుఖ్‌నగర్ · శనివారం ఉదయం 7:50

థ్రెడ్ మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. నాది కొంచెం వేరు. లాప్‌టాప్‌లో అన్నీ నడుస్తున్నాయి. పైథాన్ స్లిమ్ ఇమేజ్ (పైథాన్ ఉన్న చిన్న లైనక్స్) మీద డాకర్ కట్టి, అంటే ప్రోగ్రామ్‌ని దానికి కావలసినవాటితో ఒక మూటగా చేసి, సర్వర్‌లో పెడితే "లిబ్‌జీఎల్.ఎస్‌వో.1: కెనాట్ ఓపెన్ షేర్డ్ ఆబ్జెక్ట్ ఫైల్" అంటోంది. నెట్‌లో "లిబ్‌జీఎల్1-మెసా-జీఎల్ఎక్స్" వేయమన్నారు. బేస్ ఉబుంటు 24.04కి మార్చి అదీ ప్రయత్నించాను, ఆ ప్యాకేజీయే లేదంటోంది.

కూకట్‌పల్లి_పైథాన్ · శనివారం ఉదయం 8:22

ఆ పాత పేరు 24.04లో లేదండి. ఇప్పుడు వట్టి "లిబ్‌జీఎల్1" అని వేయాలి. అది వేశాక వెంటనే "లిబ్‌జీథ్రెడ్" లేదని అడగొచ్చు, దానికి జీలిబ్ ప్యాకేజీ కావాలి. కానీ మీ సర్వర్‌కి తెర లేదు కదా, కిటికీ (విండో) తెరిచి బొమ్మ చూపించే పనే లేదు. ఓపెన్‌సీవీ-పైథాన్ తీసేసి ఓపెన్‌సీవీ-పైథాన్-హెడ్‌లెస్ వేయండి. దాంట్లో కిటికీల భాగం ఉండదు కాబట్టి లిబ్‌జీఎల్ అడగదు. ఇమేజ్ సైజు కూడా తగ్గుతుంది.

డాకర్_దిల్‌సుఖ్‌నగర్ · శనివారం ఉదయం 9:10

హెడ్‌లెస్ వేశాను, ఎక్కింది. ధన్యవాదాలు మేడమ్.

ఈసీఈ_ఫైనలియర్ · శనివారం ఉదయం 11:40

4.10.0.84 వేశాను అక్కా. బొమ్మ తెరుచుకుంది, కిటికీలో కనిపించింది. ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

తర్వాత ప్లేట్ మీది అక్షరాలు చదవడానికి ఈజీఓసీఆర్ ఇన్‌స్టాల్ చేశాను. దానికి కావలసిన టార్చ్ లైబ్రరీ డౌన్‌లోడ్‌కే హాస్టల్ వైఫైలో గంట పట్టింది. మళ్లీ రన్ చేస్తే, పొద్దున నడిచిన అదే ఫైల్, ఒక్క అక్షరం మార్చలేదు, ఐఎమ్‌షో (కిటికీలో బొమ్మ చూపించే ఫంక్షన్) దగ్గర ఇలా ఆగింది:

ది ఫంక్షన్ ఈజ్ నాట్ ఇంప్లిమెంటెడ్. రీబిల్డ్ ది లైబ్రరీ విత్ విండోస్, జీటీకే ప్లస్ 2.ఎక్స్ ఆర్ కోకో సపోర్ట్

లైబ్రరీని నేనే బిల్డ్ చేసుకోవాలా? సీమేక్ అవీ నాకు రావు.

నల్లకుంట_నైట్‌షిఫ్ట్ · శనివారం ఉదయం 11:52

బిల్డ్ అక్కర్లేదు బ్రో. పిప్ లిస్ట్‌లో హెడ్‌లెస్ కనిపిస్తే దాన్ని అన్‌ఇన్‌స్టాల్ చెయ్యి.

ఈసీఈ_ఫైనలియర్ · శనివారం మధ్యాహ్నం 12:06

చేశాను అన్నా. ఇప్పుడు మళ్లీ మొదటికే వచ్చింది, నో మాడ్యూల్ నేమ్డ్ సీవీ2. ఓపెన్‌సీవీ-పైథాన్ మళ్లీ వేద్దామంటే పిప్ "రిక్వైర్‌మెంట్ ఆల్రెడీ శాటిస్‌ఫైడ్" అంటోంది. పిప్ ఉందంటుంది, పైథాన్ లేదంటుంది. వెన్వ్ ఒక్కటే, వీఎస్ కోడ్‌లో కూడా అదే ఉంది, రెండుసార్లు చూసుకున్నాను. నాకు ఏడుపొస్తోంది.

కూకట్‌పల్లి_పైథాన్ · శనివారం మధ్యాహ్నం 12:40

కంగారు పడకు. పావుగంట పని ఇది. కానీ ఏం జరిగిందో తెలుసుకుని చెయ్యి, లేకపోతే మళ్లీ పడతావు.

పిప్‌లో ఓపెన్‌సీవీ పేరుతో నాలుగు ప్యాకేజీలున్నాయి: మామూలుది, కాంట్రిబ్ (అదనపు భాగాలతో), హెడ్‌లెస్ (కిటికీలు లేనిది), కాంట్రిబ్ హెడ్‌లెస్. నాలుగూ వచ్చి కూర్చునేది ఒకే ఫోల్డర్‌లో, దాని పేరు సీవీ2. ఒకటి ఉండగా ఇంకోటి వేస్తే పిప్ అడ్డు చెప్పదు, ఎందుకంటే దాని లెక్కలో పేర్లు వేరు కాబట్టి అవి వేర్వేరు ప్యాకేజీలు. వెనకొచ్చింది ముందున్నదాని ఫైళ్ల మీద తన ఫైళ్లు రాసేస్తుంది.

నీకు ఈజీఓసీఆర్ తనతో పాటు హెడ్‌లెస్‌ని తెచ్చుకుంది. దానికి కిటికీలు అక్కర్లేదు మరి. ఆ హెడ్‌లెస్ వచ్చి నీ మామూలు ఓపెన్‌సీవీ మీద పరుచుకుంది. అందుకే ఐఎమ్‌షో పోయింది. తర్వాత హెడ్‌లెస్‌ని తీసేశావు. పిప్ "ఇవి హెడ్‌లెస్ ఫైళ్లు" అని రాసుకున్న జాబితా పట్టుకుని వాటిని చెరిపేసింది. అవే మామూలుదాని ఫైళ్లు కూడా. ఇప్పుడు ఫోల్డర్ లేదు, కానీ ఓపెన్‌సీవీ-పైథాన్ వేశామన్న చీటీ మాత్రం పిప్ దగ్గర అలాగే ఉంది. నైట్‌షిఫ్ట్ గారు చెప్పింది సగం సరైనదే, రెండూ తీయాలి.

అన్‌ఇన్‌స్టాల్ కమాండ్‌లో నాలుగు పేర్లూ ఒకేసారి ఇవ్వు, లేనిదాన్ని పిప్ వదిలేస్తుంది. వెన్వ్‌లో లిబ్, సైట్-ప్యాకేజెస్‌లోకి వెళ్లి సీవీ2 అనే ఫోల్డర్ ఇంకా మిగిలి ఉంటే చేత్తో తీసెయ్యి. తర్వాత ఓపెన్‌సీవీ-పైథాన్ 4.10.0.84 ఒక్కటే వెయ్యి. ఈజీఓసీఆర్ హెడ్‌లెస్ లేదని పిప్ చెక్‌లో సణుగుతుంది, ఏం కాదు. దానికి కావలసినవన్నీ మామూలుదాంట్లో ఉన్నాయి.

మైత్రివనం_మాస్టారు · శనివారం మధ్యాహ్నం 1:15

మేడమ్ చెప్పినదానికి ఒకటి కలుపుతాను. ఆ ఫోల్డర్‌లో పాత వెర్షన్ ఫైల్ ఏదైనా ఒకటి మిగిలిపోతే ఎర్రర్ ఇంకోలా వస్తుంది. ఇంపోర్ట్ అయిపోతుంది, "మాడ్యూల్ సీవీ2 హ్యాజ్ నో యాట్రిబ్యూట్ ఐఎమ్‌రీడ్" అంటుంది, బొమ్మ ఫైల్ చదివే ఐఎమ్‌రీడ్ ఫంక్షనే లేదని. ఖాళీ ఫోల్డర్‌ని కూడా పైథాన్ ప్యాకేజీ అనుకుంటుంది కాబట్టి. అప్పుడూ మందు ఇదే.

ముఖం గుర్తుపట్టి హాజరు వేసే ప్రాజెక్ట్ చేసేవాళ్లు కూడా ఇది చదువుకోండి. ఎల్‌బీపీహెచ్ (ముఖం గుర్తుపట్టే ఒక పద్ధతి) కోసం సీవీ2 డాట్ ఫేస్ కావాలి, అది కాంట్రిబ్‌లోనే ఉంటుంది. మామూలుదాని పక్కన కాంట్రిబ్ వేయకండి. మామూలుది తీసేసి కాంట్రిబ్ వేయండి, అందులో మామూలుదంతా ఉంది. సిఫ్ట్ (బొమ్మలో ప్రత్యేకమైన చుక్కలు పట్టే పద్ధతి) కోసమైతే కాంట్రిబ్ అక్కర్లేదు. దాని పేటెంట్ 2020లో తీరింది, 4.4 నుంచి మెయిన్‌లోనే ఉంది. పాత ట్యుటోరియల్ చూసి ఎక్స్‌ఫీచర్స్2డీ అని రాస్తే ఎర్రర్ వస్తుంది, సిఫ్ట్ అండర్‌స్కోర్ క్రియేట్ అని రాయండి.

కోఠి_రాస్ప్‌బెర్రీ · శనివారం సాయంత్రం 5:30

తమ్మీ, నేను గూడ గిట్లనే నంబర్ ప్లేట్ పెట్టిన, మా అపార్ట్‌మెంట్ గేట్‌కాడ. రెండు ముచ్చట్లు చెప్త, నీకు ముంగట అక్కరకొస్తయి.

కెమెరా ఆర్‌టీఎస్‌పీ లింక్‌ల (కెమెరా వీడియో వచ్చే అడ్రస్) పాస్‌వర్డ్ ఉంటది గద, దాంట్ల "ఎట్" గుర్తు ఉంటే లింక్ ఆడికే తెగిపోతది. పాస్‌వర్డ్ అయిపోయింది, ఇగ ఐపీ అడ్రస్ మొదలైందనుకుంటది. నేను కెమెరానే ఖరాబైందనుకొని గుజరాతీ గల్లీకి రెండుసార్లు తిరిగిన. ఆ గుర్తు బదులు పర్సెంట్ 40 రాయాలె, అంతే.

రెండోది. ఓసీఆర్‌కు ఒక్క ఫ్రేమ్‌కు సెకను వడ్తది, కెమెరా సెకనుకు 25 ఫ్రేములు పంపుతది. నువ్వు చదివేలోపట పాతయి కుప్ప వడ్తయి. బండి లోపటికి పోయినంక దాని నంబర్ తెర మీదికొస్తది. కెమెరా ఫ్రేములు చదువుడు ఒక థ్రెడ్‌ల (ప్రోగ్రామ్‌ల పక్కకు విడిగ నడిచే పని) పెట్టు, అది ఆగకుండ చదువుకుంట ఆఖరి ఫ్రేమ్ ఒక్కటే దగ్గర పెట్టుకోవాలె. ఓసీఆర్ ఆ ఒక్కటే తీస్కోవాలె. రీడ్ ఇచ్చే మొదటి విలువ ట్రూనా ఫాల్స్‌నా చూసినంకనే ఫ్రేమ్ ముట్టు.

ఈసీఈ_ఫైనలియర్ · శనివారం రాత్రి 8:45

అక్కా, సార్, రెండూ తీసి ఒకటి వేశాను. ఐఎమ్‌షో, ఈజీఓసీఆర్ కలిసి నడుస్తున్నాయి!! అన్నా, థ్రెడ్ సంగతి రేపు చేస్తాను.

ఇప్పుడు ఇంకొకటి. మా బ్యాచ్‌మేట్ తీసిన ఫోటోలు పెట్టి రన్ చేస్తే

(-215: అసర్షన్ ఫెయిల్డ్) !_ఎస్ఆర్‌సీ.ఎంప్టీ() ఇన్ ఫంక్షన్ 'సీవీటీకలర్'

సీవీటీకలర్‌లో (రంగు మార్చే ఫంక్షన్) నేను ఏం తప్పు రాశానో అర్థం కావట్లేదు. సీనియర్ల ఫోటోలతో బాగానే నడుస్తోంది.

డాకర్_దిల్‌సుఖ్‌నగర్ · శనివారం రాత్రి 8:58

తప్పు సీవీటీకలర్‌లో లేదు, దానికి ముందు లైన్‌లో ఉంది. ఫైల్ దొరక్కపోతే ఐఎమ్‌రీడ్ ఎర్రర్ ఇవ్వదు, నన్ (ఏమీ లేదు) అని ఇచ్చి ఊరుకుంటుంది. ఆ ఖాళీని తీసుకెళ్లి రంగు మార్చమంటే సీవీటీకలర్ కింద పడుతుంది. పాత్‌లో బ్యాక్‌స్లాష్ ఉందా? బ్యాక్‌స్లాష్ తర్వాత ఎన్ వస్తే కొత్త లైన్ అనీ, టీ వస్తే ట్యాబ్ అనీ పైథాన్ అనుకుంటుంది. కొటేషన్ ముందు ఆర్ పెట్టి చూడండి.

ఈసీఈ_ఫైనలియర్ · శనివారం రాత్రి 9:07

ఆర్ ఉందండి. ఓఎస్ పాత్ ఎగ్జిస్ట్స్ అడిగితే ట్రూ అంటోంది. ఐఎమ్‌రీడ్ మాత్రం నన్ ఇస్తోంది. వార్నింగ్‌లో పాత్ దగ్గర ఏవో పిచ్చి గుర్తులు కనిపిస్తున్నాయి. డీ డ్రైవ్‌లో ఫోల్డర్ పేరు "బండి ఫోటోలు".

కూకట్‌పల్లి_పైథాన్ · శనివారం రాత్రి 9:15

ఫోల్డర్ పేరు తెలుగు లిపిలో ఉందా?

ఈసీఈ_ఫైనలియర్ · శనివారం రాత్రి 9:16

అవునక్కా.

కూకట్‌పల్లి_పైథాన్ · శనివారం రాత్రి 9:33

అదే కారణం. విండోస్‌లో ఐఎమ్‌రీడ్‌కి ఇంగ్లీషు అక్షరాలు కాని పాత్ ఇస్తే తెరవలేకపోతుంది. పైథాన్‌కి తెలుగు పేరు తెలుసు, అందుకే ఎగ్జిస్ట్స్ ట్రూ అంది. కింద ఉన్న సీ ప్లస్ ప్లస్‌కి చేరేసరికి ఆ పేరు చెడిపోతుంది. లైనక్స్‌లో ఈ బాధ లేదు.

ఫోల్డర్ పేరు మార్చుకోమని చెప్పడం తేలిక. కానీ తెలుగులో పేరు పెట్టుకోవడం తప్పేమీ కాదు, మన భాషలో మన ఫోల్డర్ ఉండాలి. దారి ఉంది. ఫైల్‌ని నంపై ఫ్రమ్‌ఫైల్‌తో యూఇంట్8 బైట్లుగా చదువు, ఆ బైట్లను సీవీ2 డాట్ ఐఎమ్‌డీకోడ్‌కి ఇవ్వు, అది బొమ్మగా మారుస్తుంది. ఫైల్ తెరిచేది పైథాన్ వైపే కాబట్టి తెలుగు పేరు పని చేస్తుంది. సేవ్ చేసేటప్పుడు ఐఎమ్‌రైట్ కూడా చెప్పకుండా ఫాల్స్ ఇస్తుంది. దానికి బదులు ఐఎమ్‌ఎన్‌కోడ్ చేసి టోఫైల్‌తో రాయి. ఈ రెంటికీ రెండు చిన్న ఫంక్షన్లు రాసుకుని ప్రాజెక్ట్ అంతా అవే వాడు.

ఈసీఈ_ఫైనలియర్ · ఆదివారం ఉదయం 10:20

పని చేసింది అక్కా. ఫోల్డర్ పేరు అలాగే ఉంచాను.

"స్వాగతం" మాత్రం రావట్లేదు. పుట్‌టెక్స్ట్‌తో (ఓపెన్‌సీవీలో బొమ్మ మీద రాసే ఫంక్షన్) రాస్తే అన్నీ ప్రశ్నార్థకాలు. ఫాంట్ మార్చినా అంతే.

మైత్రివనం_మాస్టారు · ఆదివారం ఉదయం 10:48

పుట్‌టెక్స్ట్‌లో ఉన్నవి హెర్షీ ఫాంట్లు బాబూ, వాటిలో తెలుగు లేదు. పిల్లో అనే బొమ్మల లైబ్రరీతో రాయాలి. బొమ్మని ఓపెన్‌సీవీ వాడే బీజీఆర్ (నీలం, ఆకుపచ్చ, ఎరుపు) రంగుల వరస నుంచి ఆర్‌జీబీకి మార్చి, పిల్లోకి ఇచ్చి, నోటో సాన్స్ తెలుగు కానీ మండలి కానీ ఫాంట్ పెట్టి రాసి, మళ్లీ వెనక్కి తేవాలి. రంగు వరస మార్చడం మర్చిపోతే ఎర్ర కారు నీలంగా కనిపిస్తుంది.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. తెలుగు అక్షరాలను కలిపి ఒత్తులు పెట్టాలంటే పిల్లోకి రాక్మ్ అనే లైబ్రరీ తోడు కావాలి. విండోస్‌లో దానికి మళ్లీ ఫ్రిబిడి డీఎల్ఎల్ (ఇంకో లైబ్రరీ ఫైల్) ఉండాలి. లేకపోతే "స్వా"లో వ ఒత్తు కిందికి దిగదు, స పక్కన పొల్లు, ఆ పక్కన వా అని విడివిడిగా పడతాయి. పిల్లో ఫీచర్స్‌లో రాక్మ్ చెక్ చేసి ఫాల్స్ వస్తే అదే కారణం.

కూకట్‌పల్లి_పైథాన్ · ఆదివారం ఉదయం 11:05

రేపు రివ్యూ పెట్టుకుని ఇవాళ డీఎల్ఎల్ వెతకొద్దు తమ్ముడూ. నువ్వు రాసేది ఒకే మాట. ఏదైనా ఎడిటర్‌లో "స్వాగతం" అని నీట్‌గా రాసి పీఎన్‌జీగా సేవ్ చేసుకో. బండి జాబితాలో ఉంటే ఆ బొమ్మని ఫ్రేమ్ మూలన అతికించు. ఒత్తు సరిగ్గా ఉంటుంది, వేగంగానూ ఉంటుంది. తప్పు ఒత్తుతో తెలుగు చూపించడం కంటే ఇది వెయ్యి రెట్లు నయం. రాక్మ్ సంగతి రివ్యూ అయ్యాక చూద్దువు.

కోఠి_రాస్ప్‌బెర్రీ · ఆదివారం మధ్యాహ్నం 2:10

తమ్మీ, సీనియర్ల కోడ్ 2023ది అన్నవ్ గద. ప్లేట్ మొదటి రెండక్షరాలు దేంతోని పోల్చిండ్రో ఒకపారి చూడు. నా దాంట్ల గదే గడబిడ అయింది. ఎర్రర్ ఏం రాలే, మంచిగ నడిచింది, కని కొత్త బండ్లు ఒక్కటి గూడ పట్టలే.

ఈసీఈ_ఫైనలియర్ · ఆదివారం మధ్యాహ్నం 2:41

అన్నా! ప్యాటర్న్‌లో టీఎస్, ఏపీ రెండే ఉన్నాయి. 2024 మార్చి నుంచి తెలంగాణలో కొత్త రిజిస్ట్రేషన్లు టీజీ కదా. మొత్తం కోడ్ తిరగేశాను, ఇది తట్టనే లేదు. మూడోది చేర్చాను. మా మెస్ వాళ్ల కొత్త ఆటో ట్రాలీ ప్లేట్ పొద్దున్నుంచీ రావట్లేదు, ఫోటో మసకగా ఉందేమో అనుకున్నా. ఇప్పుడు వచ్చింది.

ఈసీఈ_ఫైనలియర్ · సోమవారం మధ్యాహ్నం 1:30

రివ్యూ అయింది. గేటు దగ్గర సర్ వాళ్ల కారే పెట్టి చూపించమన్నారు. ప్లేట్ చదివింది, "స్వాగతం" వచ్చింది, వ ఒత్తుతో సహా. థ్రెడ్ మార్పు పూర్తి కాలేదు, రెండు సెకన్లు ఆలస్యంగా వచ్చింది, తర్వాతి రివ్యూకి సరిచేయమన్నారు. అక్కకీ, సార్‌కీ, అన్నలకీ చాలా చాలా థ్యాంక్స్. నైట్‌షిఫ్ట్ అన్నా, మీరు మొదటి గంటలోనే జవాబిచ్చారు, అది మర్చిపోను.

నల్లకుంట_నైట్‌షిఫ్ట్ · సోమవారం మధ్యాహ్నం 1:44

శుభాకాంక్షలు బ్రో. నా దాంట్లో కూడా నాలుగూ తీసి ఒకటే వేశాను. నీ వెర్షన్లు పెట్టవా, అవే వేసుకుంటా.

ఈసీఈ_ఫైనలియర్ · సోమవారం మధ్యాహ్నం 1:52

పైథాన్ 3.11, ఓపెన్‌సీవీ-పైథాన్ 4.10.0.84, నంపై 1.26.4 (తర్వాత దీన్నే ఫిక్స్ చేశాను, నంపై 1, 2 రెండింటితోనూ నడిచింది). ముందు ఈజీఓసీఆర్ వెయ్యండి అన్నా, తర్వాత నాలుగూ తీసి ఓపెన్‌సీవీ చివర్లో వెయ్యండి. వరస మారిస్తే హెడ్‌లెస్ మళ్లీ పైన పడుతుంది.